అహ్మదాబాద్ కట్టుకుంటుంది సరే, ఒంగోలులో ఎవరు పరిగెడుతున్నారు?

2025 నవంబరు 26న గ్లాస్గోలో జరిగిన కామన్వెల్త్ క్రీడల సర్వసభ్య సమావేశం 2030 ఆటలను అహ్మదాబాద్‌కు ఇచ్చింది. 1930లో కెనడాలోని హామిల్టన్‌లో మొదలైన ఈ ఆటలకు అది నూరేళ్ల పండగ. వార్త రాగానే మాటలన్నీ కట్టడాల మీదికే పోయాయి. మోతేరాలో లక్షా 32 వేల మంది పట్టే స్టేడియం ఉందని, నారన్‌పురాలో 2025లోనే కొత్త క్రీడా సముదాయం తెరిచారని, ఇంకా ఏమేం కడతారో అని. ఆతిథ్య నగరం సన్నాహం కంటికి కనబడుతుంది, క్రేన్లను ఫొటో తీయొచ్చు, మంత్రులు వచ్చి చూసి పోవచ్చు.

క్రీడాకారుల సన్నాహం అలా కనబడదు. 2030లో ఇరవై ఏళ్లు నిండే అమ్మాయి 2010లో పుట్టింది, అంటే ఢిల్లీలో కామన్వెల్త్ ఆటలు జరిగిన ఏడాదే. ఆ అమ్మాయి కావలిలోనో, కందుకూరులోనో, కనిగిరిలోనో ఏదో హైస్కూలు గ్రౌండులో ఇప్పటికే పరిగెత్తుతూ ఉండాలి, ఆమె పరుగు చూసి ఎవరో ఒక పీఈటీ ఆగి టైము రాసుకుని ఉండాలి. అది జరగకపోతే 2029లో ఎంత డబ్బు పోసినా వెతికి తెచ్చుకోవడానికి ఎవరూ ఉండరు. సిమెంటు పనిని మూడు షిఫ్టులు పెట్టి తొందర చేయొచ్చు. మోకాలిని, చీలమండను తొందరపెట్టడం కుదరదు.

ఈ సంగతి ప్రకాశం జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు నిజానికి. బండలాగుడు పందేలకు ఒంగోలు గిత్తల జతను తయారుచేసే రైతును అడిగితే మొత్తం క్రీడా శిక్షణ శాస్త్రం ఆయన నోటే వస్తుంది. కోడెదూడను కొన్న మర్నాడే పెద్ద బండకు కట్టరు. ముందు కాడి అలవాటు చేస్తారు, ఖాళీ బండి లాగిస్తారు, తర్వాత చిన్న బరువు, నెలలు గడిచాక ఇంకొంచెం. చెరువులో ఈత కొట్టిస్తారు, ఉలవలు ఉడకబెట్టి పెడతారు, పందెం దగ్గర పడ్డాక పని తగ్గించి ఒళ్లు తేలికపడనిస్తారు. ఇదే పనిని కోచ్‌లు పిరియడైజేషన్ అంటారు, చివర్లో పని తగ్గించడాన్ని టేపరింగ్ అంటారు. పోటీకి ముందు రెండు వారాలు పరుగు దూరాన్ని సుమారు సగానికి దించి, వేగం మాత్రం తగ్గకుండా చూసుకోవడం. కండ బలం కొన్ని వారాల్లో వస్తుంది, ఆ కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువు గట్టిపడటానికి నెలలు, ఏళ్లు పడుతుంది. ఈ తేడా పట్టించుకోకుండా పదమూడేళ్ల పిల్లలకు పెద్దవాళ్ల వర్కవుట్ ఇస్తే మొదటి ఏడాది మెడల్ వస్తుంది, రెండో ఏడాది మోకాలి కింద ముందు ఎముక (షిన్) నొప్పి, మూడో ఏడాది ఆట బంద్.

ఇంకో పోలిక కూడా ఉంది, కొంచెం చురుక్కుమంటుంది. బండలాగుడులో విభాగాలు పళ్లను బట్టి ఉంటాయి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన సీనియర్లు. నోరు తెరిపించి చూసి మరీ ఒప్పుకుంటారు. మనుషుల పోటీల్లో మాత్రం అండర్-14 అని రాసిన కాగితం తెస్తే చాలా చోట్ల సరిపోతుంది. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూసే టీడబ్ల్యూ-3 పరీక్ష ఉంది కానీ అది ప్రతి మండల స్థాయి పోటీలో జరిగేది కాదు. వయసు దాచి గెలిచిన కుర్రాడికి ఆ ఏడాది సర్టిఫికెట్ మిగులుతుంది, అతని పక్కన నిజంగా పదమూడేళ్లున్న పిల్లాడు ఓడిపోయి గ్రౌండుకు రావడం మానేస్తాడు. ఆ రెండోవాడే 2030కి కావలసినవాడు కావచ్చు.

ఇక డబ్బు. ఢిల్లీ 2010 లెక్కలు ఎక్కడికీ పోలేదు, ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే కాగ్ నివేదికలోనే ఉన్నాయి. కేంద్రం, ఢిల్లీ ప్రభుత్వం, మిగతా సంస్థలు అన్నీ కలిపి ఆటల మీద వేసుకున్న మొత్తం బడ్జెట్ అంచనా 18,532 కోట్లు. భారత జట్టును తయారుచేయడానికి 2008లో మంజూరైన ప్రత్యేక పథకం 678 కోట్లు. వందకు నాలుగు రూపాయలు కూడా కాదు. ఇక్కడ తమాషా ఏంటంటే, ఆ చిన్న మొత్తమే పని చేసింది. 2006లో మెల్‌బోర్న్‌లో 50 మెడల్స్ తెచ్చుకున్న దేశం ఢిల్లీలో 101 తెచ్చుకుంది, అందులో 38 బంగారం. పెద్ద మొత్తం ఏం చేసిందంటే, ప్రారంభోత్సవానికి రెండు వారాల ముందు నెహ్రూ స్టేడియం దగ్గర కడుతున్న కాలినడక వంతెన కూలింది. నాలుగేళ్ల తర్వాత గ్లాస్గోలో మెడల్స్ 64కు దిగాయి. సొంత గడ్డ మీద అన్ని విభాగాల్లోనూ మనవాళ్లను దింపే వీలు, మనకు కలిసొచ్చే క్రీడలు పట్టికలో ఉండటం, ఇవన్నీ ఆ 101లో కలిసే ఉన్నాయి, కాబట్టి తగ్గడం సహజమే. అయినా ఒక్క ఆతిథ్యం కోసం పెట్టిన శిక్షణ ఖర్చు ఆతిథ్యం అయిపోగానే చల్లబడితే ఏమవుతుందో ఆ అంకెలో కొంత కనబడుతుంది.

ఆతిథ్య నగరానికి దక్కింది ఆ నగరంలోనే ఉండిపోతుంది. ఈ పాఠం నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు గుజరాత్ దాకా వెళ్లకుండానే తెలుసు. 2002 డిసెంబరులో ఉమ్మడి రాష్ట్రం జాతీయ క్రీడలు నిర్వహించింది, ఎక్కువ హైదరాబాద్‌లో, కొన్ని విశాఖలో. 2003లో ఆఫ్రో ఆసియా క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు, రెండూ హైదరాబాదే. గచ్చిబౌలి స్టేడియం ఆ ఊపులో వచ్చిందే. ఆ ఖర్చులో ఉదయగిరి పన్ను రూపాయీ ఉంది, మార్కాపురం పన్ను రూపాయీ ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు స్టేడియాలు నేలతో పాటు అక్కడే ఉన్నాయి, పిల్లల్ని పంపే హకీంపేట క్రీడా పాఠశాల కూడా అక్కడే ఉంది. తప్పు పట్టడానికి ఏం లేదు, స్టేడియాన్ని లారీకెక్కించి తెచ్చుకోలేం కదా.

కానీ ఆ కథలో ఇంకో మలుపు ఉంది, దాన్ని ఎవరూ స్టేడియం లెక్కల్లో రాయరు. పుల్లెల గోపీచంద్ పుట్టింది అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో. బ్యాడ్మింటన్ నేర్చుకుంది హైదరాబాద్‌లో. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. 2003లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గచ్చిబౌలిలో అయిదెకరాలు లీజుకిచ్చింది, అకాడమీ కట్టడానికి ఆయన సొంత ఇల్లు తాకట్టు పెట్టారు, ఒక దాత కోట్లలో సాయం చేశారు, 2008లో అది నడవడం మొదలైంది. ఒలింపిక్స్‌లో సైనా లండన్ కంచు, సింధు రియో వెండి అక్కడి శిక్షణ నుంచే వచ్చాయి. ఇరవై ఏళ్లలో హైదరాబాద్‌లో జరిగిన పెద్ద పెద్ద ఆటలు అన్నీ కలిపి ఇవ్వలేని ఫలితం ఆ కొన్ని కోర్టుల నుంచి వచ్చింది. ఎందుకంటే అక్కడ తెల్లవారుజామున నాలుగున్నరకు కోర్టు మీద నిలబడే మనిషి ఉన్నారు, పదేళ్ల పాటు అదే మనిషి ఉన్నారు. భవనం ఎంత పెద్దదన్నది అంత ముఖ్యం కాలేదు.

నెల్లూరుకు ఆతిథ్యం అంటే ఏమిటో కూడా తెలుసు, అదీ ఏటా. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండగకు లక్షల్లో జనం వస్తారు. అంతమంది కోసం ఊరు ఏ శాశ్వత మహానగరాన్నీ కట్టదు. బారికేడ్లు, తాత్కాలిక మరుగుదొడ్లు, షవర్లు, నీళ్లలో గజ ఈతగాళ్లు, వైద్య శిబిరాలు, పార్కింగుకు ఊరి బయట ఖాళీ స్థలాలు, ప్రత్యేక బస్సులు. అయిదు రోజులయ్యాక అన్నీ విప్పేస్తారు. (అక్కడ కోరికకో రొట్టె: ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె ఉన్నాయి, మెడల్ రొట్టె ఎవరూ అడిగినట్టు లేదు.) అంతర్జాతీయ ఆటల నిర్వాహకులు ఇప్పుడు పోతున్న దారి కూడా ఇదే. పారిస్ 2024లో 95 శాతం వేదికలు పాతవో తాత్కాలికమైనవో. బర్మింగ్‌హామ్ 2022 కామన్వెల్త్ ఆటల్లో క్రీడాగ్రామం కట్టడం సకాలానికి కాదని తేలాక ఆటగాళ్లను యూనివర్సిటీ హాస్టళ్లలో పెట్టారు. 2026 ఆసియా క్రీడలు తీసుకున్న జపాన్ నగోయా అయితే క్రీడాగ్రామం అసలు కట్టకూడదనే నిర్ణయించుకుని క్రూయిజ్ ఓడ, కంటెయినర్ గదులు ఏర్పాటు చేసుకుంది. ఇలా లెక్క వేసుకోనివాళ్లకు ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం చూపించింది. 2026 కామన్వెల్త్ ఆటలు తీసుకుని, ఖర్చు అంచనా 260 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల నుంచి 600 కోట్ల పైకి పోయేసరికి 2023 జులైలో మా వల్ల కాదని చేతులెత్తేసింది.

ఆ ఖాళీలోకి వచ్చిన గ్లాస్గో 2026 ఆటలను పది క్రీడలకు కుదించింది. ఇక్కడ మనవాళ్లకు తగిలే దెబ్బ ఎంతో లెక్క చూడాలి. 2022లో భారత్ తెచ్చుకున్న 61 మెడల్స్‌లో రెజ్లింగ్ 12, టేబుల్ టెన్నిస్ 7, బ్యాడ్మింటన్ 6, హాకీ 2, స్క్వాష్ 2, క్రికెట్ 1. మొత్తం 30. ఇవేవీ గ్లాస్గో పట్టికలో లేవు. అంటే ఒక నగరం బడ్జెట్ నిర్ణయం వల్ల ఒక దేశపు మెడల్స్‌లో సగం పోటీకి ముందే చెరిగిపోయాయి, ఏ ఆటగాడి తప్పూ లేకుండా. నాలుగేళ్లు ఒక రోజు కోసం ఒళ్లు వంచిన రెజ్లర్‌కు ఆ రోజే లేదని చెబితే ఎలా ఉంటుంది! అహ్మదాబాద్ 15 నుంచి 17 క్రీడలు పెడతానంటోంది. వాటిలో ముందే ఖాయమైనవి అథ్లెటిక్స్, ఈత, బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్, జిమ్నాస్టిక్స్, టేబుల్ టెన్నిస్, నెట్‌బాల్, బౌల్స్.

మన రెండు జిల్లాలు చూసుకోవలసింది ఆ పట్టికనే. అన్నిట్లో వేలు పెట్టే స్తోమత జిల్లా స్థాయిలో ఉండదు కాబట్టి, 2026లోనూ 2030లోనూ తప్పకుండా ఉండేవి, తక్కువ ఖర్చుతో నడిచేవి ఏరుకోవాలి. అలా చూస్తే మొదటి పేరు వెయిట్‌లిఫ్టింగ్. దానికి స్టేడియం అక్కర్లేదు. నాలుగు మీటర్ల పొడుగు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న ప్లాట్‌ఫాం, మగవాళ్లకు 20 కిలోల బార్, ఆడవాళ్లకు 15 కిలోల బార్, ప్లేట్లు, పైన రేకుల షెడ్డు, చూసి తప్పు పట్టుకునే కోచ్. చీరాల దాటి బాపట్ల వైపు పోతే వచ్చే స్టువర్ట్‌పురం నుంచే రాగాల వెంకట రాహుల్ వచ్చాడు, 2018 గోల్డ్‌కోస్ట్‌లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలు ఎత్తి బంగారం తెచ్చాడు. విజయనగరం జిల్లా కొండవెలగాడ అనే ఒక్క ఊరి నుంచి లిఫ్టర్లు వరసగా వస్తూనే ఉన్నారు, 2014 గ్లాస్గోలో మెడల్ తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. ఒకరు గెలిస్తే పక్కింటి పిల్ల షెడ్డులోకి వస్తుంది, ఊరికి ఊరే ఆ ఆటకు అలవాటు పడుతుంది. ఇలాంటి ఊరు ఒకటి ప్రకాశంలో తయారు కాకపోవడానికి కారణమేమీ కనబడదు, బరువు లాగించే సరదా ఈ నేలలో ఉన్నదే కదా. రెండోది పారా క్రీడలు. ఒలింపిక్స్‌లా కాకుండా కామన్వెల్త్‌లో పారా విభాగాలు అదే ఆటల్లో కలిసి జరుగుతాయి, అదే మెడల్స్ పట్టికలో పడతాయి. జిల్లా స్థాయిలో వీటికి పోటీ తక్కువ, పట్టించుకునేవాళ్లు ఇంకా తక్కువ.

ఇక అసలు భయపడాల్సిన విషయం డబ్బా. జిమ్ముల్లో, మందుల షాపుల్లో అమ్మే పౌడర్ డబ్బా. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా 2024 లెక్కల్లో భారత్ నుంచి పరీక్షించిన 7,113 శాంపిళ్లలో 260లో నిషేధిత పదార్థాలు దొరికాయి, 3.6 శాతానికి పైనే. ఎక్కువ పరీక్షలు చేసే దేశాల్లో ఇదే అతి చెడ్డ రేటు, అదీ వరసగా మూడో ఏడాది. 2036 ఒలింపిక్స్ కూడా అడుగుతున్న దేశానికి ఇది చిన్న మచ్చ కాదు. డోపింగ్ నియమంలో తెలిసి చేశాడా తెలియక చేశాడా అన్నది మొదటి ప్రశ్న కాదు. ఒంట్లో దొరికిందా లేదా అన్నదే. జలుబు మాత్రలో ఉన్నా, ఫ్రెండ్ ఇచ్చిన ప్రొటీన్‌లో కలిసినా బాధ్యత ఆటగాడిదే. పై స్థాయికి వెళ్లాక ఇంకో టెన్షన్: రోజుకో గంట పరీక్షకు ఎక్కడ దొరుకుతారో మూడు నెలలకు ముందే రాసివ్వాలి, పన్నెండు నెలల్లో మూడుసార్లు దొరక్కపోతే అది కూడా డోపింగ్ తప్పిదమే. జాతరకని అమ్మమ్మ ఊరు వెళ్లి ఆ మాట అప్‌డేట్ చేయడం మర్చిపోయిన పిల్లకు ఇది ఎవరు చెబుతారు? రాష్ట్ర స్థాయి సెలక్షన్స్‌కు వచ్చిన రోజే తెలుగులో, అరగంటలో చెప్పేయొచ్చు. స్టేడియం కంటే చాలా చవక.

మిగిలింది క్యాలెండరు. ఇక్కడే లెక్క అంతా తప్పుతోంది. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది, తుఫాన్లు కూడా అప్పుడే. మట్టి ట్రాక్ అయితే మూడు నెలలు బురద. మార్చిలో పరీక్షలు. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాటేదాకా పొద్దున ఏడు దాటితే గ్రౌండులో నిలబడలేం. ఎండకు అలవాటుపడ్డ పిల్లలు కాబట్టి మనకు లాభమే అనేవాళ్లున్నారు. ఆ లాభం నిలిచేది కాదు, ఎండకు శరీరం అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు చాలు, స్కాట్లండ్ వాళ్లు కూడా రెండు వారాలు ముందొచ్చి ఆ పని చేసుకోగలరు. వేగంగా పరిగెత్తాల్సిన పిల్ల ఎండలో మెల్లగా పరిగెత్తితే మెల్లగా పరిగెత్తడమే నేర్చుకుంటుంది. ఇవన్నీ తీసేస్తే ఏడాదిలో గట్టిగా పని జరిగేది అయిదారు నెలలు. అరవై మీటర్ల పొడుగు రేకుల షెడ్డు, అందులో రబ్బరు పరుపు రెండు లేన్లు వేసినా వాన నెలలు వెనక్కి వస్తాయి.

పదో తరగతి అయ్యాక ఇంకో కోత. పదిహేను నుంచి పదిహేడేళ్ల మధ్య ఆటలో అసలు పునాది పడుతుంది, సరిగ్గా అదే రెండేళ్లు ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్‌కు పోతాయి. అలాంటి కాలేజీల చదువుకు పుట్టినిల్లు లాంటి నెల్లూరులో తల్లిదండ్రుల్ని తిట్టి లాభం లేదు, ఆ చదువు చివర ఉద్యోగం కనబడుతోంది, ఆట చివర ఏమీ కనబడటం లేదు. రాష్ట్ర ప్రభుత్వం కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర జరిగే వాదనలో స్టేడియం ఫొటో కంటే ఈ ఒక్క శాతానికే బరువెక్కువ, నియామకాలు నిజంగా జరిగితే.

అందాకా పొద్దున్నే అయిదింటికి గ్రౌండు గేటు తీసి ఉండాలి. మన పట్టణాల్లో స్టేడియం ఒక వారం బహిరంగ సభకు పోతుంది, ఇంకో వారం ఎగ్జిబిషన్‌కు, మధ్యలో హెలిప్యాడ్‌కు, ఆ గుంజల గోతులు పూడ్చేదాకా పరుగు పక్కకు. 2030 కోసం జిల్లాకు ఎన్ని కోట్లు వస్తాయో తర్వాత సంగతి, ఆ గేటు తాళం చెవి కోచ్ జేబులో ఉందా, రెవెన్యూ ఆఫీసు సొరుగులో ఉందా అన్నది ఈ వారమే వెళ్లి చూసి రావచ్చు.